ఎన్ని చేతులు లేస్తాయి

నా భార్య స్తుతిని మెప్పించడం ఎవరి వల్లా కాలేదు. మంగళగిరిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె పని, మిగతావాళ్ళు తయారుచేసిన ప్రోగ్రాం డిజైన్ బాగుందో లేదో తేల్చడం. ఆమె సంతకం పడనిదే ఏదీ బయటికి వెళ్ళేది కాదు. ఇంట్లోనూ అదే చూపు. ఉప్పు పొయ్యి దగ్గరా, అల్మరాలోనూ, బల్లమీదా ఎందుకుందని నన్ను నిలదీసేది. ఆమె పోయి ఏడాదవుతోంది. ఉప్పు ఇప్పటికీ ఆ మూడుచోట్లా ఉంది.

ఆమె ఆఫీసులోని త్రినాథ్ అనే కుర్రాడు తొలిసారి టీముకు పెద్ద అయినప్పటి సంగతి ఇది. ప్రత్తిపాడు వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రాం చేస్తున్నారు. మిర్చి సీజను ముంచుకొస్తోంది. స్టోరేజీ యజమాని వెంకటనారాయణ గారు రోజూ ఫోన్ చేసి తిడుతున్నారు. స్తుతి సంతకం పెడితే త్రినాథ్ గట్టెక్కుతాడు, లేకపోతే టీము చేజారుతుంది.

తెరమీద అంతా కళకళలాడుతోందట. స్తుతి అటు చూడనేలేదు. ఆమెది ఒకటే పరీక్ష: చిన్న మార్పు అడిగి, దానికోసం ఎంతమంది తమ పని విప్పాల్సొస్తుందో చూడడం.

రైతు స్టోరేజీలోంచి ఒక బస్తా తీసి, కొనేవాళ్ళకు మచ్చు చూపించడానికి గుంటూరు మిర్చి యార్డుకు తెస్తాడు. బేరం కుదరకపోతే తిరిగి లోపల పెడతాడు. వారంలోపు తెస్తే అది పాత సరుకే, దాటితే కొత్త సరుకు కింద లెక్క, అద్దె మళ్ళీ మొదలు.

“ఆ వారాన్ని పది రోజులు చేస్తే ఎవరెవరు మార్చాలి? చేతులెత్తండి” అంది.

అందరి చేతులూ లేచాయి. అందరూ మిరప పండించే ఇళ్ళ పిల్లలే. మచ్చు సంగతి తెలియందెవరికని, ఒకరినొకరు అడక్కుండా ఎవరి భాగంలో వాళ్ళు రాసేసుకున్నారు. బస్తా బయటికెళ్ళిన రోజును వారం లెక్కలో ఒకరు కలిపారు, ఒకరు కలపలేదు.

“పని చేస్తోంది కదా మేడమ్” అన్నాడు త్రినాథ్.

“ఇవాళ చేస్తోంది. రేపు మార్చమంటే మీలో ఒకరు మర్చిపోతారు. ఆ ఒకరెవరో చెప్పు, సంతకం పెడతా.”

ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ నాకదే గోల. తెలివితక్కువవాళ్ళయితే ఇంత విసుగు రాదంది.

వాళ్ళు అంతా విప్పి, ఆ నియమాన్ని ఒక్కచోటికి చేర్చారు. ఈలోగా స్టోరేజీలో తొలి లారీల సరుకు లెక్క చేత్తో రాసుకున్నారు, తిట్లు ఇంకా పెరిగాయి. స్తుతి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి త్రినాథ్ చెయ్యి ఒక్కటే, అదీ భుజందాకానే లేచింది. స్తుతి సంతకం పెట్టి తన సీటుకు వెళ్ళిపోయింది.

స్తుతి అంత్యక్రియల రోజు, సమాధుల తోటలో అందరూ వెళ్ళిపోయాక త్రినాథ్ నా దగ్గరికొచ్చాడు.

“వెంకటనారాయణ గారు నిజంగానే పది రోజులు చేయమన్నారండి. టీ చల్లారేలోపు మార్చేశాను. అప్పుడన్నా మేడమ్ బాగుందంటారేమోనని వెళ్ళి చెప్పాను. ‘మరి సరుకును బట్టి గడువు మారితే?’ అన్నారు.”

అతని గొంతులో కోపం ఇంకా చల్లారలేదు. ఆమె మీద విసుక్కోవడానికి నాతోపాటు ఇంకొకడున్నాడని నాకు కాస్త ఊరటగా అనిపించింది. సరుకును బట్టి మారితే ఏం చేస్తాడని అడిగాను. అది కూడా ఒక్కచోట మారిస్తే చాలన్నాడు.