నెమలికంఠం కోటు

ఒక మనిషి పరువు ఒక్క పూటలో ఎంత దూరం ప్రయాణం చేయగలదో తెలుసుకోవాలనుకునేవాళ్లు కాస్త దగ్గరికి జరగండి. నాది ధర్మవరం స్టేషన్లో రైలెక్కింది, పెనుకొండలో కొంచెం ఊడింది, హిందూపురం కాలేజీ గేటు దగ్గర పూర్తిగా దిగిపోయింది.

డెబ్బైల నాటి మాట. మా ఇంట్లో అంతవరకూ కాలేజీ మొహం చూసినవాళ్లు లేరు. నాయన మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. కాలేజీ ఎలా ఉంటుందో నాకు చెప్పిందల్లా టూరింగ్ టాకీసులో వేసే పాత నలుపు తెలుపు సినిమాలే. వాటిలో కాలేజీ కుర్రాడికి కోటు ఉంటుంది. ఆ కోటుతో సైకిలెక్కి ఒక అమ్మాయిని గుద్దుతాడు, ఆమె పుస్తకాలు కింద పడతాయి. వాటిని ఏరి ఇవ్వడమే తప్ప ఒక్కటి తెరిచి చదవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఫస్టు క్లాసులో పాసవుతాడు. ఇంత హాయైన చదువు ఎవరికి చేదు? కాబట్టి నా కాలేజీ ఏర్పాట్లన్నీ ఒక్క కోటు దగ్గర తేలిపోయాయి.

ఏ రంగు కోటన్నదే చిక్కు. తెర మీద అంతా బూడిదే కదా. నాయన నాతోపాటు నేల టికెట్టులో కూర్చుని, హీరో తిరిగినప్పుడల్లా ముందుకు వంగి చూశాడు.

“చూడరా, వాడు తిరిగితే రంగు మారుతాండాది. నిలువు పోగు నీలం, అడ్డపోగు పచ్చ. అది నెమలికంఠమే.”

“నిజంగానా నాయనా?”

“ఇన్నేండ్లుగా నేస్తాండా, నాకు తెలీదా?”

అది షూటింగు లైట్ల మెరుపని మా ఇద్దరికీ తట్టలేదు. మా వీధిలో మెరిసేదంటే పట్టే మరి.

అమ్మ ఒంటిమీద పట్టుచీర నేనెన్నడూ చూడలేదు. ఆమెకొకటి నేయాలని నాయన ఏళ్ల తరబడి మిగులు పట్టు దాచిపెట్టాడు. దాన్నే నా కోటుకు నేశాడు. “నాకెందుకులే, వాడు నలుగురిలోకి పోతాండాడు” అంది అమ్మ. ఇక్కడ మీరు నవ్వకపోయినా నేనేమీ అనుకోను.

గుడ్డను మా వీధి దర్జీ మస్తాన్ సాయిబు దగ్గరికి తీసుకుపోయాం.

“ఏం సాయిబూ, ఎప్పుడన్నా కోటు కుట్టినావా?” అన్నాడు నాయన.

“అట్లంటావేమప్పా? సెట్లకు సెట్లు కుట్టినా.”

ఏం సెట్లని మేమడగలేదు. భుజాల మీద జరీ పట్టీ, ముందు ఇత్తడి గుండీలు ఆయనే అభిమానంతో కలిపాడు.

కాలేజీ తెరిచిన రోజు ప్యాసింజరు రైల్లో కూర్చున్నాను. పెనుకొండలో ఎక్కిన ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“ఏమప్పా, పెండ్లి యాడ?”

“పెండ్లి కాదు తాతా, కాలేజీకి పోతాండా.”

“ఓహో, కాలేజీలో పెండ్లా. భోజనాలుంటాయా?”

ఆయన దేవుడు పంపిన హెచ్చరిక. నేను మాత్రం హీరోలా కిటికీలోంచి కొండల్ని చూశాను.

ఆ రోజు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని కాలేజీవాళ్లు బ్యాండు మేళాన్ని పిలిపించారట. ఆ సంగతి నాకు తెలియదు. గేటు దగ్గర కాపలా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“మేళమోళ్లు ఆ పక్క నిలబడాల. నీ బాజా యాడుండాది?”

“నేను స్టూడెంటునన్నా.”

“అట్లే కానీలే. పోయి నిలబడు.”

నిలబడ్డాను. కాసేపటికి అసలు మేళం వచ్చింది. వాళ్లకూ అదే కోటు, అవే జరీ పట్టీలు, అవే ఇత్తడి గుండీలు. కాకపోతే వాళ్లది ఎర్ర నూలు గుడ్డ, నాది పట్టు. మేళం పెద్ద, క్లారినెట్ ఊదే ఆయన, నా కాలరు తిప్పి చూశాడు.

“ఇది మస్తాన్ సాయిబు కుట్టు కదప్పా. మాకెప్పుడూ ఇంత మంచి గుడ్డ పెట్టలేదే.”

బెల్‌బాటమ్ ప్యాంట్లు, చెవులు కప్పే జుట్టుతో అసలు విద్యార్థులు లోపలికి పోతూ, “ఒక పాట వాయించన్నా” అని అడిగారు. వాళ్లలో సగం మంది తరువాత నా క్లాసులోనే కూర్చున్నారు. ఏడుపొచ్చింది. పట్టు మీద పడితే మరకవుతుందని ఆపుకున్నాను.

సాయంత్రం ఆ కోటును మేళం పెద్దకే ఇచ్చేశాను. కళ్లకు కనబడకుండా పోతే చాలనిపించింది.

ఆదివారం ఇంటికి పోతే నాయన గడప దగ్గరే అడిగాడు.

“కోటు చూసి ఏమన్నారు?”

“అందరూ తిరిగి తిరిగి చూసినారు నాయనా.” ఇది నిజం.

“యాడ పెట్టినావు?”

“హాస్టల్లో, పెట్టెలో భద్రంగా ఉండాది.” ఇది కాదు.

మాఘమాసంలో మా చిన్నాయన కూతురి పెళ్లి వచ్చింది. ధర్మవరం పెళ్లి కదా, ఆడవాళ్లంతా పట్టుచీరల్లో ఉన్నారు. అమ్మ ఒక్కతే నూలు చీరలో ఉంది. పెళ్లికొడుకువాళ్లది హిందూపురం, మేళాన్ని వాళ్లే తెచ్చుకున్నారు. ముందు నడుస్తున్న క్లారినెట్ ఆయన వీధి మలుపు తిరిగాడు. కోటు రంగు మారింది. నీలం, తరువాత పచ్చ.

నాయన ఆగిపోయాడు. తాను నేసిన గుడ్డను గుర్తుపట్టడానికి ఆయనకెంతసేపు కావాలి? భూమి చీలి నన్ను మింగితే బాగుండుననుకున్నాను. ఆయన కోటును చూసి, నన్ను చూసి, మళ్లీ కోటునే చూశాడు. రెండు తగిలించి ఉంటే ఆ రాత్రి అన్నమైనా తినేవాణ్ణి.

అమ్మే నాయనతో అంది.

“పోనీలే. ఈ పెండ్లికి మనింటి పట్టు ఏసుకోని వచ్చినోడు ఒకడన్నా ఉండాడు.”

అప్పుడే, ఆ వీధిలోనే, మోగుతున్న క్లారినెట్ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. బతికినన్నాళ్లూ నలుపు తెలుపు సినిమా చూసి బట్టలు కుట్టించుకోను. ఒకవేళ బుద్ధి గడ్డితిని కుట్టించుకున్నా, అమ్మ పట్టుతో కుట్టించుకోను.