అడ్డపొగా, పెద్దమ్మ అంగిలీ

పన్ను కదులుతోందంటే ఈ రోజు మా పెద్దమ్మను రాజాంలో పళ్ల డాక్టరమ్మకి చూపించాను. పెద్దమ్మది అడ్డపొగ. నలభై ఏళ్లుగా చుట్టను నిప్పున్న వైపే నోట్లో పెట్టుకుని తాగుతోంది. డాక్టరమ్మ ఎక్కడిదో గానీ, ఇది ఎప్పుడూ చూడలేదట.

"నాలుక కాలదా అమ్మా?" అని అడిగింది.

"ఎందుకు కాల్తాది? నిప్పు లోపలికెల్లేసరికి అదే ఎనక్కి ఎల్లిపోతాది. నానేటీ సెప్పక్కర్లేదు," అంది పెద్దమ్మ, గొప్పగా.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది.

"నిజమే, నాలుక బాగానే ఉంది. అదంతా కండే కాబట్టి తప్పుకుంటోంది. పైన అంగిలికి ఆనుకుని ఉన్నది ఎముక. అదెక్కడికి పోతుంది?"

అంగిలి మీద తెల్లమచ్చ ఉందట. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. వారం ఆగాలి.

తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ నాలుకతో అంగిలి తడుముకుంటూనే ఉంది. "ఒరే, ఇన్నాళ్లూ అదొక్కర్తే కాలిందేటిరా?" అంది.

మీ ఇళ్లల్లోనూ అడ్డపొగ తాగే పెద్దాళ్లుంటే ఒకసారి నోరు తెరిపించండి. నాలుక బాగుందని వదిలేయకండి. పైకి చూడండి.