చివరి గది

మంచం పట్టిన అత్తగారికి మధ్యాహ్నం మందు వేశాక, కోడలు పాత కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. చిన్నప్పుడు అన్నయ్యతో వంతుల కోసం పోట్లాడి మరీ ఆడిన చిక్కుదారుల ఆట అది. మధ్యలో ఆపే వీలు లేదు; లేస్తే మళ్ళీ మొదటి గది నుంచే. కింది పెదవి కొరుక్కుంటూ, వేలిగోరు తెల్లబడేలా మీట నొక్కుతుంది. మంచం మీంచి పిలుపు వినగానే లేచిపోతుంది. అందుకే ఆరేళ్ళుగా చివరి గదికి చేరనేలేదు.

నిన్న చేరింది. అప్పుడే పిలుపు: "అమ్మాయ్, ఒకసారి రామ్మా!"

"ఒక్క నిమిషం అత్తయ్యా!" అంది, తల తిప్పకుండానే. ఆటలో చివరి తలుపు తెరుచుకుంది. తెరమీద అభినందనలు మెరిసి, వెంటనే మళ్ళీ మొదటి గదే వచ్చింది. ఆమె లేచి వెళ్ళేసరికి పక్క తడిసిపోయి ఉంది.

అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుని, "గెలిచావా తల్లీ?" అని అడిగారు.

"లేదత్తయ్యా, ఓడిపోయాను," అంటూ ఆమె దుప్పటి మార్చింది.