మెకాంగ్‌ను చెరిపేసిన తండ్రి

సింగపూర్‌లో, క్లెమెంటి స్టేషన్లో కూతురితో రైలెక్కి నా పక్కన కూర్చున్న ఆ తెలుగాయన మొహం గుర్తులేదు గానీ, ఆయన తెలివిని మాత్రం మరిచిపోలేను. కూతురు స్కూల్లో మెకాంగ్ నది ప్రాంతం చదువుతోందట. ఆ ప్రాంతంతో ముడిపడ్డ ఉద్యోగమొకటి ఎంచుకుని రాయాలట. పిల్ల ట్యాబ్‌లో నది నీటిమట్టం కొలిచేవాళ్ల గురించి మొదలుపెట్టింది.

"నీళ్లు కొలవడం కూడా ఉద్యోగమేనా? సాఫ్ట్‌వేర్ అని రాయి."

ఊరుకోలేకపోయాను. "ఆ ప్రాంతానికి సంబంధించిందే రాయాలి కదండీ."

"అయితే ప్రాంతమే మార్చేద్దాం ఆంటీ," అంటూ నా ఈడు మనిషి మెకాంగ్ చెరిపేసి బెంగళూరు కొట్టాడు. పైగా నవ్వొకటి.

పిల్ల నా వైపు తిరిగింది. "ఆంటీ, బెంగళూరులో పెద్ద రివర్ ఉందా?"

"లేదమ్మా."

"దెన్ కెనాట్ లా, డాడీ," అని సింగపూర్ ఇంగ్లీషులో కుదరదని తేల్చేసి ట్యాబ్ లాక్కుని మళ్లీ మెకాంగ్ కొట్టింది.