మామయ్య బావి నీళ్ళు, మా తమ్ముడి చేపలు

మొన్న మా మనవడు గాజుతొట్టి ఒకటి కొనుక్కొచ్చి, చేపలు వేసే ముందు ఓ కాగితపు ముక్కను నీళ్ళలో ముంచి, దాని రంగు మారడం చూసి, "అవ్వా, మన బోరు నీళ్లు మస్తు గట్టివి, సున్నం బాగున్నది, గీ నీళ్లకు ఏ చేపలు ఆగుతయో చూసి తేవాలె" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు గానీ, నాకు మాత్రం దాదాపు అరవై ఏళ్ళ కిందటి సిగ్గు ముఖానికి ఎక్కి, వంటింట్లో పనుందని చెప్పి లేచి వచ్చేశాను.

నేను ఆలేరు పిల్లను. మా చెరువు కింది బావి నీళ్ళతో పప్పు పొయ్యి మీద పెట్టి, ఇల్లు ఊడ్చుకొచ్చేలోగా మెత్తగా ఉడికిపోయేది. పెళ్ళై నల్లగొండ వచ్చాక, అవి అరవైల తొలినాళ్ళు, అదే కందిపప్పు ఎన్ని కట్టెలు తోసినా పలుకు పలుకుగానే ఉండి, మెదిపీ మెదిపీ నా తలప్రాణం తోకకొచ్చేది. చిత్రమేమిటంటే అత్తమ్మ వండిన రోజున మాత్రం పప్పు వెన్నలా ఉండేది. ఇంకేముంది, లోపం నా చేతిలోనే ఉందని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. ఒకసారి చూడవచ్చిన ఆడబిడ్డ విస్తరి ముందు కూర్చుని, "ఏంది వదినె, పప్పు వండినవా, రాళ్లు వండినవా? మీ అమ్మ గింత గూడ నేర్పలేదా?" అనేసరికి, ఆమె భర్త ఎదుట నాకు తల తీసేసినట్టయింది. నన్నంటే పడేదాన్ని, మా అమ్మను అనిపించానే అని ఆ పూట అన్నం ముట్టలేదు.

మా ఇంటి బావి సంగతి చెప్పాలి. మామయ్య చిన్నతనంలో వాళ్ళమ్మ పరాయివాళ్ళ బావి దగ్గర బిందె పట్టుకుని నిలబడితే, వాళ్ళు కసిరి పంపారట. అది మనసులో పెట్టుకుని, చేతిలో కాస్త పైసా ఆడగానే ఆయన పెరట్లో బండ పగలగొట్టించి మరీ బావి తవ్వించాడు. ఎవరొచ్చినా ముందు అక్కడికి తీసుకుపోయి చెంబెడు నీళ్ళు తాగించందే వదిలేవాడు కాదు; పాపం వాళ్ళూ మొగమాటానికి బాగున్నాయనేవాళ్ళు. తన ఇంటి ఆడవాళ్ళు ఇక ఎవరి బావి దగ్గరా నిలబడకూడదని ఆయన పట్టుదల.

ఆ ఎండాకాలం సెలవుల్లో, హైదరాబాదులో సైన్సు చదువుతున్న మా తమ్ముడు, నాకోసం గాజుతొట్టి ఒకటి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. చేపలు మాత్రం తేలేదు. నీళ్ళను బట్టి చేపలను ఎంచుకోవాలట, కొత్తకోడళ్ళలా అవి సర్దుకుపోవట. వింత చూడ్డానికి వాడకట్టంతా మా వాకిట్లో చేరింది. వాడు సీసాలో మా బావి నీళ్ళు పోసి, తాను కరిగించి తెచ్చుకున్న సబ్బునీళ్ళు చుక్కలుగా వేస్తూ గిలక్కొట్టాడు. నురగ నిలవలేదు, తెల్లటి తెట్టు కట్టింది. నీళ్ళు ఎంత గట్టివైతే సబ్బును అంత తింటాయని చెప్పి, పోల్చి చూపడానికి ఇంకేమైనా నీళ్ళు దొరుకుతాయేమోనని వంటింట్లోకి పోయి, వడ్ల గరిసె వెనక పళ్ళెం మూసి ఉన్న కడవలోంచి చెంబెడు ముంచుకొచ్చాడు. ఇలా చుక్కలు వేశాడో లేదో, సీసా నిండా నురగ!

"ఇగో, గిసొంటి నీళ్లయితే పప్పు గూడ ఇట్టే ఉడుకుతది. మీ బాయి నీళ్లల్ల దినమంత పెట్టినా ఉడకదు మామా. గీ కడవ నీళ్లు యాడియి?" అని అడిగాడు, ఏమీ ఎరగని మా తమ్ముడు.

ఒక్క క్షణం నా కడుపు చల్లబడింది. అమ్మయ్య, నా చేతి తప్పు కాదు! ఆడబిడ్డ కూడా ఇక్కడుంటే బాగుండునని సంబరపడ్డాను. అంతలో అత్తమ్మను చూశాను. కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుపోయింది. అప్పుడు అర్థమైంది, తాను వండే రోజున తెల్లవారకముందే, మామయ్య చేను వైపు పోగానే, ఆమె వాడకట్టు చివరి మంచినీళ్ళ బావి నుంచి ఆ కడవ దొంగతనంగా తెచ్చుకునేది. ఆయన బావికి పేరు పోకూడదు, ఆయన విస్తట్లో పప్పు మెత్తగా ఉండాలి. నాకు చెబితే ఎక్కడ నోరు జారుతానోనని చెప్పలేదు. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా!

మామయ్య అరిచినా బాగుండేది. అందరూ ఒక్కొక్కరే జారుకున్నాక, "నువ్వు గా బాయి కాడికే పోయినవా?" అని మాత్రం అత్తమ్మను అడిగాడు. వాళ్ళమ్మను కసిరి పంపింది ఆ బావి దగ్గరేనని నాకు అప్పుడే తెలిసింది. భూమి చీలితే బాగుండునని నేను గుమ్మం వెనక నిలబడిపోయాను.

తర్వాత తమ్ముడు, గట్టి నీళ్ళలోనే హాయిగా ఉంటాయని, మోలీలనే నల్లచేపలు తెచ్చి మా బావి నీళ్ళలో వదిలాడు. అవి పిల్లల మీద పిల్లలు పెట్టాయి. మామయ్య ముక్కాలిపీట వేసుకుని వాటినే చూస్తూ కూర్చునేవాడు. తన నీళ్ళు వాటికైనా పడ్డాయని కాబోలు.

ఇప్పుడు ఇంటింటికీ కృష్ణ నీళ్ళు వస్తున్నాయి, వాటినీ వడగట్టే మిషన్లున్నాయి. నీళ్ళు బాగాలేవంటే మిషన్ మారుస్తారు తప్ప ఎవరూ తల వంచుకోరు. మంచిదే. మా కాలంలో నీళ్ళంటే మనిషి పరువు. వంటకు మంచినీళ్ళ బావికి పొమ్మని మామయ్యే చెప్పాడు గానీ, తాను మాత్రం కడదాకా తన బావి నీళ్ళే తాగాడు. భోజనానికి కూర్చోగానే చెంబు నాకేసి చాపేవాడు, నేను పెరట్లోకి పోయి తోడి తెచ్చేదాన్ని. గటగటా తాగి, "తియ్యగున్నయ్ బిడ్డా" అనేవాడు. నేను ఒక్కనాడూ ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.