ఎక్కడికి పోయినా మన ఊరి కారం

వనపర్తిలో మా కారం పట్టే గిర్ని ముందు నిలబడితే నాకే ఇప్పటికీ తుమ్ములు ఆగవు. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తమ్మ నేర్పిన ఎల్లిపాయ కారమే మా బతుకు. ఎండుమిర్చి, ఎల్లిపాయ, ఉప్పు, జీలకర్ర. కూర లేకపోయినా జొన్నరొట్టె మీద ఇంత పెట్టుకుంటే పూట గడిచిపోతుంది. దాన్ని ఎర్రటి కవర్లలో పోసి, పైన ‘ఎక్కడికి పోయినా మన ఊరి కారం’ అని అచ్చు వేయించింది నేనే. ఆ మాట తట్టిన రోజు నన్ను నేనే తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ అక్షరాలు కనిపిస్తే చూపు తిప్పుకుంటాను.

కొన్నేళ్లపాటు అమ్మకం ఏటేటా పెరుగుతూ పోయింది. గద్వాల, నాగర్‌కర్నూల్ దుకాణాల్లోనూ మా కవర్లు వేలాడాయి. అంతా నా చేతి మహిమే అనుకున్నాను. తర్వాత ఒక ఏడు పెరగడం ఆగింది. పడిపోయిందా అంటే లేదు, అక్కడే నిలబడిపోయింది. మరుసటి ఏడు కాస్త తగ్గింది. ఊరుకుంటానా? దుకాణదారులను తిట్టాను, టీవీలో కనిపించే పెద్ద కంపెనీలను తిట్టాను, చివరికి మిర్చిని కూడా తిట్టాను. ఆపైన ఒక ఘనకార్యం చేశాను. కవరు మీది ఆ మాటనే రెండింతలు పెద్దగా చేయించి, చుట్టూ బంగారు రంగు గీత కొట్టించాను. అవి దుకాణాల్లో దుమ్ము కొట్టుకుపోయాయి.

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాలకు సలహాలు చెప్పే మా తమ్ముడు పీర్ల పండుగకు వచ్చాడు. స్ట్రాటజీ అంటూ ఏవో బొమ్మలు గీసి చూపిస్తాడనుకున్నాను. వాడు మామూలుగా అడిగాడు.

“అక్కా, నీ కారం ఎవరు తింటున్నరు?”

“అందరు తింటరు. గదేం ప్రశ్నరా?”

“అందరు అంటున్నవంటే నీకు తెల్వదన్నట్టు. పోనీ, ఎప్పుడు ఎక్కువ పోతుండె?”

“దీపావళి దాటినంక. మల్ల పీర్ల పండుగ అయిపోయినంక.”

చెప్పాక గానీ నాకు వెలగలేదు. ఆ రోజుల్లోనే, పండుగకు ఊరొచ్చిన కూలీలతో బొంబాయి బస్సులు కదులుతాయి. పనికి మనుషులను తీసుకుపోయే గుంపు మేస్త్రీలు మా దగ్గర సంచులకు సంచులు కొనేవాళ్లు. అది నాకు తెలియదా? తెలుసు. మంచి గిరాకీ అనుకున్నానే తప్ప, ఊళ్లు ఖాళీ అవుతున్నకొద్దీ నా బ్రాండు పెరుగుతోందని ఒక్కసారీ అనుకోలేదు.

“ఇప్పుడు కాలువ నీళ్లొచ్చినయ్. పోయెటోళ్లు తగ్గిండ్రు,” అన్నాడు తమ్ముడు. “ఊర్లనే ఉన్నోళ్లు ఎందుకు కొంటలేరో పోయి అడుగు. దుకాణాలల్ల కాదు, ఇండ్లల్ల అడుగు.”

పాన్‌గల్ దగ్గర ఒక ఊరికి పోయాను. ఒక ముసలమ్మ ఇంటి ముందు మిర్చి ఎండబోసుకుంటోంది. ఒకప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ బొంబాయి కూలికి పోయినవాళ్లేనట. ఇప్పుడు ఆమె కాలువ కింద ఇంత పొలం కౌలుకు చేసుకుంటోంది. నా చేతిలో కవరు చూడగానే ఆమె ముఖం మారింది.

“గిది నువ్వు చేస్తవా బిడ్డా?”

గొప్పగా అవునన్నాను. ఆమె లోపలికి పోయి చిన్న గుడ్డమూట తెచ్చి విప్పింది. అందులో మా కవరే, పాతది. సగం వాడి, మూతికి దారం కట్టి ఉంది. లోపలి కారం నల్లబడిపోయింది.

“మా ఆయన బిల్డింగు పనిల మీదికెల్లి పడ్డడు. ఆయన్ను తెచ్చిననాడు బట్టలతోని గిది గూడ వచ్చింది. తినబుద్ధి కాలే, పారేయనీకి చెయ్యాడలే. మల్ల ఇంకోటి ఇంట్లకు రానియ్యలే. మా గల్లీల ఎవ్వరు తేరు. గీ వాసనొస్తే మల్ల బస్సెక్కినట్టే అయితది.”

ఆ ముడి ఆయన వేసిందే. మర్నాటి పూటకని దాచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడ్చే హక్కు నాకెక్కడిదని దిగమింగాను.

ఇంటికొచ్చే దారిలో ఒక పాత సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. వానలు పడని ఒక ఏడు గుంపు మేస్త్రి ఫోన్ చేసి, “అక్కా, ఈసారి జనం శానమంది పోతుండ్రు, కారం జర ఎక్కువ తయారు పెట్టు” అన్నాడు. నేను సంతోషం పట్టలేక దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. ఆ కాయ పగిలిన చప్పుడు ఇప్పుడు పట్టపగలు, గిర్ని హోరులో కూడా వినిపిస్తుంది.

తమ్ముడు చెప్పిన ఉపాయం చిన్నదే. ఊళ్లో ఉన్నవాళ్లకు ఇప్పుడు సొంత మిర్చి ఉంది. వాళ్లకు మన కారం అంటగట్టడం మాని, వాళ్ల మిర్చినే అత్తమ్మ కొలతలతో పట్టి ఇవ్వాలి. ఆ మాట ఉన్న కవర్లు ఆపేయాలి. మొదటిది చేశాను, గిర్ని మెల్లగా పుంజుకుంది. రెండోదానికి మనసొప్పలేదు. మిగిలినవి అయిపోనీ, ఎవరు చదువుతారులే అనుకున్నాను.

మొన్న ఎండల్లో ఆ ముసలమ్మ సంచినిండా తన మిర్చి తెచ్చుకుంది. ఆమె ఎదురుగానే పట్టాను. వేడివేడి కారాన్ని అలవాటుకొద్దీ ఎర్ర కవరులోకి వంచబోయాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“దాంట్ల వద్దు బిడ్డా. నా సంచిలనే పొయ్యి. నేనింక ఏడికి పోతలేను.”