మంగమ్మ పేరు ఎదుట ఖాళీ గడి

మా సంఘపు మందిరంలో వేదిక కింద కొత్తగా కట్టిన బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు మార్చిన రోజున బ్లీచింగ్ పౌడర్ వాసన మొదటి బెంచీ దాకా వస్తుంది. తెల్లని టైల్సు, పట్టుకొని దిగడానికి స్టీలు కడ్డీ, మీట నొక్కితే అరగంటలో నడుము లోతు నీళ్ళు. ఏ నెలలోనైనా, ఏ వారంలోనైనా, అడిగినవారికి అడిగిన రోజే బాప్తిస్మం. అందరూ దానిని చూసి మురిసిపోతారు. నాకు మాత్రం ఆ వాసన తగిలినప్పుడల్లా కోపం వస్తుంది. కారణం లేకుండా కోపగించుకొనే అలవాటు నాకు లేదు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన దానిని, పదేళ్ళ వయసు నుంచి చూసినదీ విన్నదీ పుస్తకంలో రాసి పెట్టుకొంటున్న దానిని. కనుక వరుసగా చెబుతాను.

మా ఊరు మండవల్లికి అవతల, కొల్లేటి ఒడ్డున. శ్రావణంలో వాగులు తెచ్చి పోసిన ఎర్రనీరు సరస్సులో కలిసి, భాద్రపదం నాటికి తేరుకొని, మా పేట చివరి ఇంటి అరుగుకు పది బారల దూరంలోకి వచ్చి నిలిచేది. అప్పుడు గాలి నిండా పచ్చి తుంగ వాసన, బురద వాసన, దడుల మీద ఆరేసిన వలల వాసన. తెల్లవారేసరికి కిక్కిస పొదల వెనుక నుంచి కొంగలు ఒక్కసారిగా లేచేవి. ఆ రెక్కల చప్పుడుకు మేలుకొని, మేము పిల్లలం తాటి దోనెలో ఒకరి మీద ఒకరం కూర్చొని, కలువ కాడలు పీకి వాటిని విరిచి గొలుసులు చేసి మెడలో వేసుకొనేవాళ్ళం. మా మామ్మ, అంటే నాన్న తల్లి, తాడుతో చెవికి కట్టుకొన్న ఒంటికాలి కళ్ళజోడు సర్దుకొంటూ వాక్యం చదివి, చదివినంత సేపూ పొయ్యి మీద ఉడుకుతున్న మట్టగిడసల పులుసు వాసనను బట్టి ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పేది. క్రిస్మస్ నెల వస్తే ఆమె చేసే బెల్లపు అరిసెల పాకానికి పేటలోని చీమలన్నీ మా ఇంటికే వచ్చేవి.

నాన్న ఆ ఊరి ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరాలు, ఆదివారం పెద్దలకు ఆరాధన. ఆయనకు చూపు తగ్గడంతో సంఘపు రిజిస్టరు నా చేత రాయించేవారు. చేతిరాత బాగున్నందుకు నాకు దక్కిన గౌరవం అది.

మా సంఘంలో బాప్తిస్మం అంటే మనిషి పూర్తిగా మునగాలి. ఏటా ఒక్కసారే, భాద్రపదంలో, కొల్లేరు నడుము లోతుకు వచ్చాక, ఏలూరు నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి ఇచ్చేవారు. ఆ రోజు పేటంతా తెల్లబట్టలే. ఆడవాళ్ళు దుప్పట్లు నాలుగువైపులా పట్టుకొని గది కడితే, మునిగి వచ్చినవారు అందులో బట్టలు మార్చుకొనేవారు. వణుకుతున్న పెదవులతో వాళ్ళు పాట అందుకొంటే, ఒడ్డున ఉన్నవాళ్ళు తాళం వేసేవారు. తరువాత గోంగూర రొయ్యలతో వేడివేడి అన్నం. ఊరు విడిచాక నేనూ పదహారో ఏట గణపవరం దగ్గర కాలువలో అలాగే మునిగాను. నీటిలోంచి తల పైకెత్తినప్పుడు ముఖానికి తగిలిన ఆ ఎండను ఇప్పటికీ మరువలేదు. బాప్తిస్మాన్ని తేలిక చేసి మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోకూడదనే ఈ సంగతి ముందుగా రాస్తున్నాను.

ఇక మంగమ్మ. మా పేటకు ఆనుకొన్న చేపలవాళ్ళ వాడలో ఒంటరిగా ఉండే విధవరాలు. చేపలు కోసి, ఎండబెట్టి, తట్టలో పెట్టుకొని ఊళ్ళు తిరిగి అమ్మేది. ఐదేళ్ళపాటు ప్రతి ఆదివారం వచ్చి మందిరం గడప దగ్గర కూర్చొంది. లోపలికి రమ్మంటే, "చేపల కంపండి, మీరు పాటలు పాడలేరు," అని నవ్వేది. ఆమెకు చదువు రాదు. ప్రార్థన నేర్పే పని నాన్న నాకు అప్పగించారు. ఒడ్డున ఆమె జెల్లలు కోస్తూ ఉంటే నేను ఎదురుగా గొంతుక్కూర్చొని ఒక్కో మాటా చెప్పేదానిని. ఏ పూట ఆహారం ఆ పూటకు ఇమ్మని దేవుణ్ణి అడిగే చోటికి వచ్చేసరికి కత్తి ఆపింది.

"ఆహారం అంటే అన్నమేనా బుల్లెమ్మా, కూర కూడా వచ్చుద్దా?"

నాకు తెలియలేదు. మామ్మను అడిగి వచ్చి, కూర కూడా వస్తుందని చెప్పాను.

"మరి ఆ ముక్క గట్టిగా చెప్పాలి కదా!" అని, అప్పటి నుంచి అక్కడ గొంతు పెంచేది.

ఆ ఏడు భాద్రపదంలో ఆమె బాప్తిస్మం అడిగింది. ఏడాది నేర్చుకొన్న తరువాతే ఇవ్వాలని నియమం. ఆమె నేర్చుకోవడం మొదలుపెట్టి పది నెలలే అయింది. రెండు నెలలు తక్కువ. వచ్చే ఏడు తీసుకోవచ్చునని అయ్యగారు మెత్తగా చెప్పారు. "అలాగేనండి. కొల్లేరు ఎక్కడికి పోద్దండీ?" అంది ఆమె. సిద్ధపడుతున్నవారి పట్టికలో ఆమె పేరు నా చేత్తో నేనే రాశాను.

వైశాఖంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపుముద్దలయ్యాయి. "అయ్యగోర్ని పిలిపించండి, నన్ను ముంచేయమనండి," అన్నదొక్కటే మాట. కబురు అందగానే అయ్యగారు బయలుదేరి, బస్సు దిగిన చోటి నుంచి ఆ ఎండలో నాలుగు మైళ్ళు నడిచి వచ్చారు. తీరా వచ్చాక నీళ్ళు లేవు. ఏడాదిలో సగం రోజులు నీళ్ళలో నానే ఊరిలో మనిషి మునగడానికి నీళ్ళు లేవు. సరస్సు రెండు కోసుల అవతలికి పోయి, మేము దోనె నడిపిన చోట నేల బీటలు వారింది. వేసవి మరమ్మతులకని కాలువలు కట్టేశారు. చెలమ తవ్వితే చెంబెడు నీళ్ళు ఊరాలంటే పూట పడుతుంది. నడుము లోతు నీళ్ళున్నది ఒక్క చోటే. ఊరి మంచినీళ్ళ చెరువు. కాలువలు కట్టకముందే నింపుకొన్న చెరువు అది. మా పేటవాళ్ళం దాని గట్టు కింద నిలబడితే ఎవరైనా దయతలచి కడవలో పోసేవారు. మేము అందులో దిగడానికి లేదు.

నాన్న, అయ్యగారు కలిసి వెళ్ళి ఊరి పెద్దలను అడిగారు. నేను నాన్న చేయి పట్టుకొని దారి చూపుతూ వెళ్ళాను కనుక విన్నదే రాస్తున్నాను. వాళ్ళు కోప్పడలేదు. కుర్చీ వేసి కూర్చోమన్నారు కూడా, అయ్యగారిని ఒక్కరినే. "తాగే నీళ్ళండి మరి. మీరే చెప్పండి, మీవాళ్ళు దిగితే మేమేం తాగాలండీ?" అని చాలా మర్యాదగా అడిగారు.

తిరిగి వచ్చాక, మంగమ్మ పడుకొన్న చోటికే మామ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అయ్యగారి ముందు పెట్టింది. "ఇవి తల మీద పోసి ప్రార్థన చేయండి. ఆమె చూస్తానే ఉంది."

"చెంబు నీళ్ళు బాప్తిస్మం కాదమ్మా. నీళ్ళలోనూ ఆత్మలోనూ తిరిగి పుట్టాలని కదా మనం నేర్చుకొన్నది. నియమం నేను మార్చలేను."

"అయితే ప్రభువు పరలోకానికి రమ్మన్న ఆ దొంగోణ్ణి, సిలువ మీద పక్కన వేలాడినోణ్ణి, ఏ చెరువులో ముంచారండీ? ఆడు మేకులతో ఉన్నాడు కదా, దిగడానికి కూడా లేదే!"

అయ్యగారు చెంబును పక్కకు జరిపారు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. ఆయన చెడ్డవాడు కాడు, దయలేనివాడు అంతకంటే కాడు. నా అభ్యంతరమంతా అదే. నియమాన్ని చెడ్డవాడు పాటించి ఉంటే నేను ఇన్నేళ్ళు ఆలోచించవలసిన అవసరం ఉండేది కాదు.

మంగమ్మ మర్నాడు పొద్దున్నే, ప్రార్థనలో కూర గురించిన ముక్క దగ్గర గొంతు పెంచబోయి, పెంచలేక, ఆగిపోయింది. మతం మారిన మనిషని ఆమె వాడవాళ్ళు శవాన్ని ముట్టలేదు. బాప్తిస్మం లేని శవాన్ని సమాధుల తోట కంచె అవతల పెట్టాలని అయ్యగారు అన్నారు. మామ్మ వెళ్ళి కంచె గుమ్మంలో కూర్చొంది. నాన్న పలుగు తీసుకొని కంచె లోపల, మా తాతగారి సమాధి పక్కన, మొదటి పోటు తానే వేశారు. సమాధి ఆరాధన కూడా చూపు ఆనని కళ్ళతో, కంఠతా వచ్చిన మాటలతో, ఆయనే జరిపారు. అయ్యగారు దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోయారు.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను. చనిపోయిన విశ్వాసుల పట్టికలో మంగమ్మ పేరు రాశాను. పక్కన బాప్తిస్మం తేదీ గడి. ఏం రాయాలని అడిగాను.

"ఖాళీగా ఉంచమ్మా. అబద్ధం రాయొద్దు. పేరు మాత్రం మానొద్దు," అన్నారు నాన్న.

ఆ భాద్రపదం రాకముందే నాన్నను ఉపదేశి పని నుంచి తప్పించారు. మేము తాడేపల్లిగూడెం చేరాము. నా బాల్యం అక్కడితో అయిపోయింది.

అప్పటి నుంచి ఈ ప్రశ్న మీద ఎందరో దైవజనుల ప్రసంగాలు విన్నాను, రాసుకొన్నాను. నీళ్ళు లేకుండా రక్షణ లేదన్నవారి వాదాలను వారి మాటల్లోనే, ఒక్క ముక్క తగ్గించకుండా పుస్తకంలో ఎక్కించాను. నా జవాబు ఒక్కటే. రక్షణ నీళ్ళలోనే ఉంటే, ఆ వైశాఖంలో పరలోకపు వాకిలి ప్రభువు చేతిలో లేదు. మంచినీళ్ళ చెరువు గట్టు మీద మర్యాదగా మాట్లాడిన పెద్దమనుషుల చేతిలో ఉంది. అటువంటి పరలోకాన్ని నేను నమ్మను. విశ్వసించినవారు నీళ్ళు ఉంటే మునగాలి, సంతోషంగా మునగాలి. నీళ్ళను అందనివ్వకుండా చేసిన తప్పు మాత్రం మునగలేకపోయిన మనిషి లెక్కలో పడదు.

పదవీ విరమణ తరువాత ఏలూరు నుంచి ఆదివారాలు బస్సులో మా పాత ఊరికి వెళ్ళి, ఆ సంఘపు దస్తరాల బాధ్యత అడిగి తీసుకొన్నాను. ఊరు గుర్తుపట్టలేనట్లు మారింది. దుప్పట్ల గదులు కట్టిన ఒడ్డు చేపల చెరువుల గట్లయింది. తాటి దోనెలు లేవు, కిక్కిస లేదు. మందిరంలో తొట్టి వచ్చాక భాద్రపదంలో ఎదురుచూడవలసినది ఏదీ లేదు. నిరుడు కొత్త పాస్టరుగారు, కుర్రవాడు, మంచివాడు, పాత రిజిస్టర్లన్నీ కంప్యూటరులో ఎక్కించారు. ఒక పేరు దగ్గర యంత్రం ఆగింది. బాప్తిస్మం తేదీ లేకపోతే అది ముందుకు పోదట.

"ఏదో ఒక తేదీ వేసేద్దామండి మేడమ్. ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తానండి," అన్నాను.

"అయితే పేరు రాదండి మరి."

సమాధుల పండుగ సాయంత్రం కడిగిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టి అందరం నిలబడ్డాము. పాస్టరుగారు అచ్చువేసిన కాగితం నుంచి, చనిపోయిన ఏడాదుల వరుసలో, పేర్లు చదువుతున్నారు. మా తాతగారి పేరు చదివారు. అచ్చులోకి రాని ఒక పేరును దాటి తరువాతి పేరుకు నోరు తెరిచారు.

"మంగమ్మ," అన్నాను నేను, బడిలో హాజరు పిలిచిన గొంతుతో.

అందరూ తిరిగి చూశారు. ఆయన కాగితం తిరగేసి, మళ్ళీ తిప్పి చూసుకొన్నారు.

"ఆవిడ బాప్తిస్మం తేదీ ఏదండీ మేడమ్?"

"లేదండి. తరువాతి పేరు చదవండి."

ఆయన తరువాతి పేరు చదివారు.